నిరాశ్రయుల వసతి గృహం నడపడానికి మునిసిపాలిటీ గ్రాంటు: చిన్న సంస్థ ఒప్పుకోవచ్చా?

గోదావరి_గట్టు:

సభ్యులందరికీ నమస్కారం. మాది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన చిన్న సంస్థ. ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట వచ్చినవారికి ఉదయం అల్పాహారం పెట్టడం, అనాథ శవాలకు అంత్యక్రియలు జరిపించడం మా ప్రధానమైన పనులు. ఇప్పటివరకు ఊళ్లోని వర్తకులు, ఉపాధ్యాయులు, పింఛనుదారులు ఇచ్చిన చందాలతోనే నెట్టుకొచ్చాం తప్ప ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

ఇటీవల మా మునిసిపాలిటీ బస్టాండు దగ్గరున్న పాత భవనాన్ని బాగుచేయించి, యాభై మంది పడుకోగలిగే నిరాశ్రయుల వసతి గృహంగా మార్చింది. దాని నిర్వహణ మమ్మల్ని చేపట్టమని, అందుకు ఏడాదికి 6 లక్షల రూపాయలను మూడు నెలలకొకసారి విడతలుగా ఇస్తామని అడుగుతున్నారు. ఒప్పందం ముసాయిదా కూడా చేతికిచ్చారు. అందులో మేం చేయవలసిన పనులు రెండు పేజీల నిండా ఉన్నాయి, మునిసిపాలిటీ చేయవలసినవి మాత్రం నాలుగు వాక్యాల్లో ముగిశాయి. మా కార్యవర్గంలో సగం మంది ఇది సేవకు దొరికిన మంచి అవకాశమని అంటుంటే, మిగతా సగం మంది బిల్లుల కోసం కార్యాలయం చుట్టూ తిరగలేక సంస్థే మూతపడుతుందని భయపడుతున్నారు. ఇలాంటి గ్రాంటుతో పని చేసినవారు, లెక్కలు తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

రాత్రిదీపం:

గోదావరి_గట్టు గారూ, తెలంగాణలోని ఒక నగరంలో ఇలాంటి వసతి గృహం నిర్వహణ బాధ్యత నేను చూస్తున్నాను. ముందుగా ఆ 6 లక్షల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీ కార్యవర్గానికి చెప్పండి. 2013లో మొదలై, 2016లో దీనదయాళ్ అంత్యోదయ యోజన పేరు చేర్చుకున్న జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో యాభై మంది వసతి గృహానికి ఏడాదికి 6 లక్షల నిర్వహణ వ్యయాన్ని లెక్కగట్టారు. లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని, ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు దక్కాలని చెప్పింది కూడా ఆ మార్గదర్శకాలే. అప్పటి నుంచి బియ్యం ధర, కరెంటు చార్జీ, కూలి రేట్లు ఎంత పెరిగాయో మీకు తెలుసు. అంకె మాత్రం చాలా చోట్ల అక్కడే ఆగిపోయింది.

ఆ మొత్తాన్ని విడగొట్టి చూడండి. నెలకు 50,000 రూపాయలు. మార్గదర్శకాల ప్రకారం ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టుల్లో పనిచేసే ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలి. నలుగురికి కనీస వేతనం ఇచ్చేసరికే ఆ డబ్బు దాదాపు అయిపోతుంది. మరోలా లెక్కేస్తే, పడకలన్నీ నిండిన రోజున మనిషికి సుమారు 33 రూపాయలు పడుతుంది. ఆ 33 రూపాయల్లోనే జీతాలు, దుప్పట్ల ఉతుకు, ఫినాయిలు, బల్బులు, సెప్టిక్ ట్యాంకు, మందులు అన్నీ సర్దాలి. అందువల్ల ఆ గ్రాంటును మొత్తం ఖర్చుగా భావించి ఒప్పుకుంటే మూడో నెలలోనే ఇబ్బందుల్లో పడతారు. ఖర్చులో మునిసిపాలిటీ వాటాగా భావించి, మిగతా వాటా ఎక్కడి నుంచి వస్తుందో ముందే రాసుకుంటే నడపవచ్చు.

మేము భోజనాన్ని గ్రాంటులో అసలు కలపలేదు. రాత్రి భోజనం దాతల నుంచి వస్తుంది. మీ పట్టణంలో అన్న క్యాంటీన్ ఉంటే, అక్కడ పూటకు 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది కాబట్టి, పనికి వెళ్లగలిగినవారు పగటి పూట అక్కడే తింటారు. వంట మీ మీద పెట్టే షరతును ఒప్పందంలో ఉంచవద్దని నా గట్టి సలహా.

పాతఫైలు:

నేను మునిసిపల్ ఖాతాల విభాగంలో పనిచేసి విరమించాను. రాత్రిదీపం గారి లెక్క సరైనదే. డబ్బు ఏ దారిలో కదులుతుందో నేను చెబుతాను, ఎందుకంటే సంస్థలు దెబ్బతినేది అక్కడే.

గ్రాంటు మంజూరు కావడం వేరు, బడ్జెట్‌లో దానికి పద్దు ఉండటం వేరు, మీ ఖాతాలో సొమ్ము పడటం వేరు. కమిషనర్ గారు నోటితో ఇచ్చిన మాటకు, ఆయన ఎంత మంచివారైనా, బదిలీ అయిన మరునాడు విలువ ఉండదు. కౌన్సిల్ తీర్మానం అయిందా, తీర్మానం సంఖ్య ఒప్పందంలో రాశారా, ఏ పద్దు కింద చెల్లిస్తారో స్పష్టంగా ఉందా అన్నవి సంతకానికి ముందే చూసుకోవాలి. మిషన్ నిధుల నుంచే చెల్లిస్తామని ఎవరైనా అంటే మరింత జాగ్రత్తగా ఉండండి. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అది నడిచిన రోజుల్లో కూడా నిర్వహణ వ్యయానికి మద్దతు ఒక్కో వసతి గృహానికి 5 ఏళ్లకే పరిమితం, ఆ తర్వాత రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ భరించాలన్నదే ఏర్పాటు. కాబట్టి ఈరోజు మీకు ఎవరైనా డబ్బు ఇస్తామంటే అది మునిసిపాలిటీ సాధారణ నిధుల నుంచా, రాష్ట్ర ప్రభుత్వం నుంచా, వేరే పథకం నుంచా అని లిఖితపూర్వకంగా అడగడం మీ హక్కు.

ఆ తర్వాత బిల్లు. మీరు మూడు నెలల ఖర్చు వివరాలు ఇస్తారు, సంబంధిత విభాగం పరిశీలిస్తుంది, ఖాతాల విభాగం బిల్లు తయారు చేస్తుంది, అది రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఎప్పుడు బయటికి వస్తుందో మునిసిపాలిటీ చేతుల్లో కూడా ఉండదు. ఆర్థిక సంవత్సరం చివర్లో, మార్చి నెలలో బిల్లులు కుప్పపడతాయి. చెల్లింపు జరగనివి ఏప్రిల్‌లో మళ్లీ మొదటి నుంచి నడవవలసి వస్తుంది. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు, వ్యవస్థ అలా ఉంది. కానీ కేర్‌టేకరు ఇంట్లో పొయ్యి వెలగడానికి వ్యవస్థ వివరణ పనికిరాదు.

అందుకని ఒక్క మార్పు కోసం పట్టుబట్టండి. ఖర్చు చేశాక తిరిగి చెల్లించే పద్ధతి కాకుండా, మొదటి మూడు నెలల మొత్తాన్ని ముందుగా ఇవ్వాలి. ఆ సొమ్ములో ముప్పాతిక భాగం ఖర్చయినట్టు వినియోగ ధ్రువపత్రం ఇచ్చిన వెంటనే తర్వాతి విడత విడుదల కావాలి. అడ్వాన్సు కుదరదని చెబితే, కనీసం ఆరు నెలల ఖర్చు మీ దగ్గర నిల్వ ఉంటేనే ముందుకు వెళ్లండి.

పన్నుదారు:

అందరూ సంస్థ వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి పన్ను కట్టేవాడి వైపు నుంచి ఒక ప్రశ్న అడుగుతాను. దీనిని అపనమ్మకంగా భావించవద్దు. నిరాశ్రయులకు తలదాచుకునే చోటు కల్పించడం స్థానిక ప్రభుత్వ బాధ్యత. రాజ్యాంగం 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో పట్టణ పేదరిక నిర్మూలన, బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ రెండూ ఉన్నాయి. ఆ బాధ్యతను తక్కువ డబ్బుతో స్వచ్ఛంద సంస్థల మీదికి నెట్టి, మిగతాది చందాలతో పూరించుకోమనడం న్యాయమా? ఇంకొకటి, పట్టణ వసతి గృహాల నిధులు చాలా రాష్ట్రాల్లో ఖర్చు కాకుండా ఉండిపోతున్నాయని సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచి, 2016 నవంబరులో జస్టిస్ కైలాస్ గంభీర్ నాయకత్వంలో కమిటీని కూడా నియమించవలసి వచ్చింది. ఒకవైపు డబ్బు మిగిలిపోవడం, మరోవైపు నడిపేవారికి జీతాలు అందకపోవడం ఒకే పథకంలో జరిగితే, జవాబుదారీ ఎవరు?

సంస్థల వైపు కూడా పారదర్శకత కావాలి. మా ఊరి వసతి గృహంలో ఎంతమంది ఉంటున్నారో, ఎంత గ్రాంటు వచ్చిందో తెలిపే బోర్డు ఒక్కటి కూడా నేను చూడలేదు.

రాత్రిదీపం:

పన్నుదారు గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. అది మునిసిపాలిటీ బాధ్యతే. మేము వారి బదులు పనిచేస్తున్నాం తప్ప వారి బాధ్యతను కొనుక్కోలేదు. అయితే రాత్రి పదకొండు గంటలకు ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషి పక్కన కూర్చుని, పోలీసులు కాదని నమ్మించి, లోపలికి తీసుకురావడం ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీ చార్టులో ఇమిడే పని కాదు. ఆ పనికి సంస్థలు కావాలి, దాని ఖర్చుకు ప్రభుత్వం కావాలి.

పారదర్శకత విషయంలో మా అనుభవం చెబుతాను. మా దగ్గర అన్నింటికన్నా విలువైన పత్రం రాత్రి హాజరు రిజిస్టరు. పేరు, వయసు, ఊరు, వచ్చిన సమయం, సంతకం లేదా వేలిముద్ర అందులో ఉంటాయి. కొన్ని వరుసల్లో పేరు స్థానంలో ‘చెప్పడం లేదు’ అని, ఊరు స్థానంలో ‘శ్రీకాకుళం వైపు’ అని, చివర ‘కుడి కాలికి కట్టు ఉంది’ అని కేర్‌టేకరు రాసి ఉంటుంది. ఆ ఒక్క వరుస ఆధారంగా తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబానికి జవాబు చెప్పగలిగాం. ఆడిట్‌లో పడకల లెక్కను సమర్థించింది కూడా ఆ రిజిస్టరే. గ్రాంటు, ఖర్చు, ఆ నెల సగటు సంఖ్య రాసిన బోర్డును గుమ్మం పక్కనే పెట్టాం. ఉంటున్నవారి పేర్లు మాత్రం ఎవరికీ చూపించం, ఫొటోలు తీసి దాతలకు పంపించం.

లెక్కలపద్దు:

వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంటును, కొన్ని స్వచ్ఛంద సంస్థల ఆడిట్ చూస్తుంటాను. పన్నుల సంగతి తేల్చుకోకుండా సంతకం చేయవద్దు.

ఆదాయపు పన్నులో మీ సంస్థకు 12ఎబి నమోదు (స్వచ్ఛంద సంస్థలకు పన్ను మినహాయింపునిచ్చే నమోదు) ఉంటే, గ్రాంటు కూడా సంస్థ ఆదాయంలోనే కలుస్తుంది. మొత్తం ఆదాయంలో 85 శాతాన్ని ఆ ఏడాదిలోనే సంస్థ ఉద్దేశాలకు వినియోగించాలి. మార్చి చివరి వారంలో రెండు విడతలు ఒకేసారి జమ అయితే ఈ నిష్పత్తి తప్పుతుంది. అప్పుడు తర్వాతి ఏడాదిలో వినియోగిస్తామని నిర్ణీత ఫారంలో గడువులోగా తెలియజేయాలి. ఈ చిన్న పని మరచిపోయి పన్ను నోటీసు అందుకున్న సంస్థలు నాకు తెలుసు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం అమలవుతుంది కాబట్టి, సెక్షన్ల సంఖ్యలు, ఫారాలు మీ ఆడిటరుతో సరిచూసుకోండి. నమోదు కూడా ఇప్పుడు శాశ్వతం కాదని, గడువు తీరేలోపు పునరుద్ధరించుకోవాలని గుర్తుంచుకోండి.

జీఎస్టీ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. రాజ్యాంగంలోని 243డబ్ల్యు అధికరణం కింద మునిసిపాలిటీకి అప్పగించిన పనులకు సంబంధించి స్థానిక సంస్థకు కేవలం సేవలు మాత్రమే అందిస్తే 2017 నాటి 12వ సంఖ్య నోటిఫికేషన్ ప్రకారం మినహాయింపు ఉంది. సేవతో పాటు వస్తువులు కూడా సరఫరా చేస్తే, వాటి విలువ మొత్తంలో 25 శాతం దాటనంతవరకు మినహాయింపు వర్తిస్తుంది. వంటను ఒప్పందంలో కలపవద్దన్న రాత్రిదీపం గారి మాటకు ఇది మరొక కారణం.

ఈ గ్రాంటుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. కేంద్ర నిధులు ఏ మాత్రం కలిసి ఉన్నా, 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ఆ సొమ్ము మీద వచ్చిన వడ్డీ మీది కాదు, తిరిగి జమ చేయాలి. వినియోగ ధ్రువపత్రం ఆ నియమాల్లోని 12-ఎ ఫారంలో ఉండాలి. చందాల ఖాతాలో గ్రాంటు కలిస్తే ఏ రూపాయి వడ్డీ దేనిదో ఎవరూ తేల్చలేరు. కేంద్ర గ్రాంటుకు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు ఎన్జీవో దర్పణ్ పోర్టల్ సంఖ్య అవసరం కనుక, లేకపోతే ఇప్పుడే తీసుకోండి.

పన్నుదారు గారు అడిగిన జవాబుదారీకి చట్టంలో సమాధానం ఉంది. ప్రభుత్వ నిధులు గణనీయంగా పొందే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో 2019 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంస్థ మొత్తం నిధుల్లో గ్రాంటు వాటా పెద్దదైతే, సమాచారం ఇవ్వవలసిన స్థితికి సిద్ధపడి ఉండాలి.

గోదావరి_గట్టు:

లెక్కలపద్దు గారికి కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం. మేము అల్పాహారానికి కూరగాయలు రైతుబజారులో కొంటాం. అక్కడ రసీదు ఇవ్వరు. గ్రాంటు సొమ్ముతో చీపుర్లు, బకెట్లు వంటివి కొన్నప్పుడు కూడా సంతలో రసీదు దొరకదు. ఆడిట్‌లో వీటిని ఎలా చూపించాలి?

లెక్కలపద్దు:

వరుస సంఖ్య ముద్రించిన నగదు వోచర్ల పుస్తకం పెట్టండి. ఏం కొన్నారు, ఎంత తూకం, ఎంత ధర, ఎవరి దగ్గర కొన్నారు అన్నవి రాసి, అమ్మినవారి సంతకమో వేలిముద్రో తీసుకోండి. కొన్న వ్యక్తితో పాటు కార్యవర్గ సభ్యులొకరు కూడా అదే రోజు సంతకం చేయాలి. సామాను స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. ఇలా ఉంటే చిన్న మొత్తాలను ఆడిటర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. నెలాఖరున ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో రాసిన ముప్పై వోచర్లను మాత్రం ఏ ఆడిటరూ నమ్మడు. పెద్ద ఖర్చులన్నీ బ్యాంకు ద్వారానే జరపండి. జీతాలు తప్పనిసరిగా వారి ఖాతాల్లోనే వేయండి.

డాలస్_తెలుగు:

అమెరికాలో టెక్సస్‌లో ఉంటూ ఇక్కడి ఆహార బ్యాంకుల్లో స్వచ్ఛందంగా పనిచేస్తున్న తెలుగువాడిగా ఇక్కడి పద్ధతి చెబుతాను, పోల్చుకోవడానికి ఉపయోగపడవచ్చు. 1974లో వచ్చిన చట్టం కింద కేంద్ర గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ నగరాలకు, కౌంటీలకు సమాజాభివృద్ధి బ్లాక్ గ్రాంటు ఇస్తుంది. దానిలో ప్రజాసేవలకు సాధారణంగా 15 శాతానికి మించి ఖర్చు చేయకూడదు. నిరాశ్రయుల సేవలు, వృద్ధుల భోజనం, పిల్లల సంరక్షణ చేసే సంస్థలన్నీ ఆ 15 శాతం కోసమే పోటీపడతాయి.

ఇక్కడ నాకు నచ్చింది బహిరంగత. నగరం దరఖాస్తులకు ప్రకటన ఇస్తుంది, వార్షిక ప్రణాళిక ముసాయిదాను ప్రజల ముందు పెట్టి 30 రోజులపాటు అభిప్రాయాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. ఏ సంస్థకు ఎంత ఇవ్వాలనుకుంటున్నారో ఎవరైనా చదువుకోవచ్చు, లేచి ప్రశ్నించవచ్చు. అయితే పాతఫైలు గారు చెప్పిన కష్టం ఇక్కడా ఉంది. చాలా నగరాలు సంస్థ ముందు ఖర్చు చేసి రసీదులు చూపించాకే చెల్లిస్తాయి. నిల్వ ధనం లేని చిన్న సంస్థలు అర్హత ఉండి కూడా దరఖాస్తు చేయవు. బలమైన సంస్థలకే మళ్లీ మళ్లీ గ్రాంటు వెళ్లడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

పాతఫైలు:

డాలస్_తెలుగు గారి మాటతో నాకొక విషయం గుర్తుకొచ్చింది. గోదావరి_గట్టు గారూ, మిమ్మల్ని ఎంపిక చేయడానికి ముందు మునిసిపాలిటీ ఆసక్తి వ్యక్తీకరణ ప్రకటన (ఆసక్తి ఉన్న సంస్థల నుంచి దరఖాస్తులు కోరే ప్రకటన) ఇచ్చిందా? నేరుగా పిలిచి అప్పగించి ఉంటే, మీ మంచితనం గురించి ఊరంతటికీ తెలిసినా, రేపు ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు చెల్లింపు ఆగిపోయేది మీకే. ప్రకటన ఇచ్చి, వచ్చిన దరఖాస్తులను పోల్చి, ఎంపికకు కారణం నమోదు చేయమని మీరే కోరండి. పోటీ వస్తుందని భయపడవద్దు.

సమాఖ్య_అక్క:

నేను మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న పట్టణ మహిళా సమాఖ్యలో పనిచేస్తున్నాను. వసతి గృహాల నిర్వహణను స్వయం సహాయక సంఘాల సమాఖ్యలకు కూడా ఇవ్వవచ్చు కనుక, ప్రకటన వస్తే మాలాంటివారు కూడా దరఖాస్తు చేస్తారు. దానిని పోటీగా కాకుండా కలిసి చేసే పనిగా చూడమని అన్నయ్య గారికి నా మనవి. రేషన్ కార్డు, ఆధార్, పింఛను దరఖాస్తు, ఆరోగ్య కార్డు వంటి పనులు మా రిసోర్స్ పర్సన్లు సచివాలయం చుట్టూ రోజూ చేస్తూనే ఉంటారు. రాత్రి కాపలా, శవాల అంత్యక్రియలు, ఆసుపత్రితో సంబంధాలు మీకు బాగా తెలుసు. రెండు సంస్థలు బాధ్యతలు పంచుకుని ఒకే దరఖాస్తు ఇవ్వవచ్చేమో అడిగి చూడండి.

మరొక మాట తప్పకుండా చెప్పాలి. యాభై పడకలు ఒకే హాలులో ఉంటే ఆడవాళ్లు రారు. భర్త కొట్టి తరిమేసిన తల్లి పిల్లలతో బస్టాండులో కూర్చుని ఉంటుంది కానీ, మగవాళ్లు పడుకున్న హాలులోకి అడుగుపెట్టదు. విడి గది, లోపలి నుంచి గడియ, విడి మరుగుదొడ్డి, మహిళా కేర్‌టేకరు ఉండాలని ఒప్పందంలోనే రాయించండి. ఆ జీతానికి అదనపు మొత్తం కూడా అడగండి.

గోదావరి_గట్టు:

అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ ముద్రించి నిన్నటి కార్యవర్గ సమావేశంలో చదివాం. వెంటనే సంతకం చేయకూడదని, అలాగని కాదనకూడదని నిర్ణయించాం. కమిషనర్ గారికి ఇవ్వబోయే లేఖలో ప్రకటన ద్వారా ఎంపిక, కౌన్సిల్ తీర్మానం, బడ్జెట్ పద్దు, మొదటి విడత ముందుగా చెల్లింపు, భవనం మరమ్మతులు, కరెంటు, నీటి చార్జీలు మునిసిపాలిటీయే భరించడం, మహిళలకు విడి గది, మహిళా కేర్‌టేకరు జీతం అడుగుతున్నాం. అక్కగారి సమాఖ్య లాంటిదే మా పట్టణంలోనూ ఉంది, వారితో మాట్లాడతాం. ఒక విషయంలో ఇంకా స్పష్టత లేదు. చెల్లింపులు ఆగిపోతే మేము ఎన్ని నెలల తర్వాత తప్పుకోవచ్చు? లోపల యాభై మంది ఉండగా తాళం వేసి ఎలా వస్తాం?

రాత్రిదీపం:

తాళం వేసి రాలేరు, వేయకూడదు కూడా. అందుకే తప్పుకునే షరతు మీ కోసం మాత్రమే కాకుండా లోపల ఉన్నవారి కోసం కూడా రాయాలి. వరుసగా రెండు విడతలు అందకపోతే 60 రోజుల నోటీసుతో బాధ్యతను మునిసిపాలిటీకి తిరిగి అప్పగించవచ్చని, ఆ 60 రోజుల ఖర్చు మునిసిపాలిటీ బాకీగా నమోదు కావాలని, అప్పగించే రోజున రిజిస్టరు, సామాను జాబితా, ఉంటున్నవారి ఆరోగ్య అవసరాల వివరాలు ఇరుపక్షాల సంతకాలతో చేతులు మారాలని రాయించండి. టీబీ మందులు వాడుతున్నవారు ఒక్కరోజు కూడా మందు మానకుండా ఎవరు చూస్తారో ఆ పత్రంలో ఉండాలి.

వసతి గృహ నిర్వహణ కమిటీ సమావేశం ప్రతి నెలా జరగాలని, బకాయి ఉన్న విడతల వివరం ప్రతి సమావేశం మినిట్స్‌లో నమోదు కావాలని కూడా కలపండి. అధికారి సంతకంతో బాకీ రాతలో ఉంటే, కొత్త కమిషనర్ వచ్చినా ఫైలు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

పాతఫైలు:

ఆ మినిట్స్ నకలు ప్రతి నెలా రిజిస్టర్డ్ పోస్టులో కాకపోయినా, ఇన్‌వార్డ్ సంఖ్య వేయించుకుని మునిసిపల్ కార్యాలయంలో ఇవ్వండి. లేఖ ముసాయిదా సిద్ధమయ్యాక, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. పద్దుల భాష నేను సరిచూస్తాను.